గుడి గుమ్మం దగ్గర ఆగిన డప్పు

1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధనా పత్రం గ్రెగోరియన్ గానానికి అగ్రస్థానమిస్తూనే, ఆయా ప్రజల సంగీత సంప్రదాయాలకూ తగిన చోటు కల్పించాలన్నది. లతీను పోయి తెలుగు వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు దివ్యబలిపూజల్లో నేను విన్నది మాత్రం హార్మోనియం, తబలా, ఇప్పుడు కీబోర్డు. డప్పు పండుగ ఊరేగింపులో మోగి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. భాషకు లేని కులం వాద్యానికి ఉంది మరి! క్రైస్తవం పుచ్చుకున్న దళితుణ్ణి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీగా గుర్తించదు. రాష్ట్రం బీసీ-సీలో చేర్చింది. డప్పు కులాన్ని ఏ ఉత్తర్వూ మార్చలేదు. చావుకూ చాటింపుకూ వెట్టిగా కొట్టించిన వాద్యాన్ని మళ్లీ మా పిల్లల చేతికివ్వొద్దని మాదిగ పెద్దలే కొందరు నాతో అన్నారు. ఆ మాటను నేను తోసిపుచ్చలేను. గానబృందంలోని తక్కిన కులాల యువకులు ముందుగా డప్పు పట్టనీ, ఆ తర్వాత ఆ పెద్దలను మళ్లీ అడుగుదాం.