నేలమాళిగలో విద్యార్థి

సంతానమును విదేశమునకు చదువునకై పంపిన గృహస్థులను పలుకరించి చూడుడు. విశ్వవిద్యాలయము పేరు చెప్పుదురు. కట్టిన రుసుము చెప్పుదురు. ఋణమునకై తాకట్టు పెట్టిన పొలము ఎన్ని యెకరములో చెప్పుదురు. బిడ్డ పండుకొను గదికి కిటికీ యున్నదా యని యడిగినచో మాత్రము పలువురు నిరుత్తరులగుదురు. మా వాదమంతయు ఈ యొక్క ప్రశ్నను గూర్చియే.

అమెరికాలోని న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతములకు, కెనడాలోని టొరంటో పరిసరములకు పోవు మన విద్యార్థులలో పలువురు తొలిదినములలో నేలమాళిగలందు అద్దెకుందురు. ఆ వసతి చిత్రమైనది. మంచము ప్రక్కనే ఇంటినంతటిని వెచ్చజేయు యంత్రము గురగురలాడుచుండును. తలకు తగులునంత యెత్తున గొట్టములుండును. గోడ పైయంచున జానెడు కిటికీ. దాని గుండ బాటసారుల పాదరక్షలు తప్ప మరేమియు కానరాదు. విద్యార్థులు వీనిని వేడుకగా చెప్పుకొని నవ్వుకొందురు. పరిహాసము పడుచువారి సొత్తు. వారిని మేము తప్పు పట్టము. ఫోను తెరపై బిడ్డ ముఖమును మాత్రము చూచి, పైకప్పును చూడకయే తృప్తి నొందు పెద్దలనే తప్పు పట్టుచున్నాము.

“నాలుగు నెలలే గదా! మా తాతలు వారములు చేసికొని చదువలేదా? కష్టపడనిదే విద్య యెట్లబ్బును?” అని వారందురు. ఈ మాట వినుటకు సొంపుగానే యున్నది. పరీక్షకు మాత్రము నిలువదు. వారములు చేసికొన్న పిల్లవానిని ఏడిండ్ల యిల్లాండ్రు ఎరిగియుండిరి. ఒకనాడు భోజనమునకు రాకున్న, జబ్బు పడెనేమో యని విచారించు దిక్కుండెడిది. అది పేదరికము; ఇది అజ్ఞాతవాసము.

అజ్ఞాతవాస మనుటకు కారణము కలదు. న్యూయార్కు నగరచట్టము నేలమాళిగలను రెండు తెగలు చేసినది. ఎత్తులో సగమైనను వీథిమట్టమునకు పైనున్నది బేస్‌మెంటు. సగమునకు మించి భూమిలో దిగియున్నది సెల్లారు. ఒకటి రెండు కుటుంబముల యిండ్లలో సెల్లారును నివాసమునకు అద్దెకిచ్చుట సామాన్యముగా నిషిద్ధము. బేస్‌మెంటునకైనను ఏడడుగుల యెత్తు, గదిగదికి కిటికీ, నగరపాలకుల యనుమతి యుండవలెను. చౌకగా దొరకు గదులలో పెక్కింటికి ఈ యనుమతి లేదు. అట్టి చోట్ల ఒడంబడిక పత్రము సైతము తరచుగా నుండదు. విద్యార్థి ఫిర్యాదు చేసినచో అధికారులు వచ్చి ఖాళీ చేయుమని ఉత్తరువీయవచ్చును. అప్పుడు వీథిని పడువాడు ఫిర్యాదు చేసినవాడే. కనుక నోరు మెదపడు.

నాలుగు నెలలే గదా యనువారికి ఆపదకు ఒక్క రాత్రి చాలునని చెప్పవలసి యున్నది. 2021 సెప్టెంబరు 1వ తేదీ రాత్రి ఐడా తుపాను శేషము న్యూయార్కుపై విరుచుకొని పడినప్పుడు, సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళముల వాన కురిసెను. ఆ నగరమున నేలమాళిగలలో నున్న 11 మంది ప్రాణములు గోల్పోయిరి. నీరు మెట్లమీదుగా లోనికి దూకినప్పుడు దాని యొత్తిడికి తలుపు తెరచుకొనదు. కిటికీలో మనిషి పట్టనిచో వేరు దారి లేదు. అమెరికాలో పెక్కు రాష్ట్రములు అనుసరించు గృహనిర్మాణ నియమావళి, నేలమాళిగలోని పడకగదినుండి బయటపడుటకు సామాన్యముగా 5.7 చదరపు అడుగుల తెరపి యుండవలెననియు, దాని యంచు నేలనుండి 44 అంగుళములు మించరాదనియు విధించినది ఇట్టి యాపదల నెరిగియే.

ఇది పరదేశపు గొడవ యని తోసివేయవలదు. 2024 జులై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగరులో, సామాను నిలువకు ఉద్దేశించిన నేలమాళిగను పఠనాలయముగా వాడుచున్న ఒక శిక్షణాలయమున వాననీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. వస్తువులకు తగిన చోటు మనుష్యులకు చాలునను బుద్ధి ఏ దేశమునందైనను ఒక్కటే.

1918లో హైదరాబాదున రెడ్డి వసతిగృహమును నెలకొల్పిన పెద్దలు, పల్లెనుండి వచ్చిన పిల్లవానికి బడితోపాటు పడకయు కావలెనని యెరిగిరి. సముద్రముల కావలనున్న మన సంఘములు పండుగలు జరుపుకొనుచున్నవి, జరుపుకొనుగాక. క్రొత్తగా దిగిన విద్యార్థికి తొలి నెలలో తగిన గది చూపుట అంతకంటె ముందుగా చేయవలసిన పని.

గృహస్థులును విమానపు చీటీ కొనుటకు ముందే నాలుగు మాటలు అడుగవలెను. కిటికీలో మనిషి దూరగలడా? బయటకు రెండవ దారి యున్నదా? పొగను, వాసన లేని కార్బన్ మోనాక్సైడును కనిపెట్టి హెచ్చరించు పరికరములున్నవా? అద్దె పత్రమున్నదా? వీనికి సరియైన బదులు రాని గది యెంత చౌకయైనను వలదనుడు. పై గదికి కావలసిన సొమ్ము తొలుతనే కూర్చుడు. గది అద్దెను చేర్చక రుసుమును మాత్రమే లెక్కించినవారు, చదువున కగు వ్యయమును ఇంకను లెక్కింపలేదనియే మా యభిప్రాయము.