మచ్చలేనితనమనే షరతు

సంక్లిష్టమైన స్త్రీ పాత్రలు కావాలన్న కోరిక సాహిత్య సభల్లోనూ, సినిమా సమీక్షల్లోనూ తరచూ వినిపిస్తోంది. దేవత, బాధితురాలు, కులట అనే మూడు అచ్చుల్లో ఇమడని స్త్రీని చూపించమని పాఠకులు, ప్రేక్షకులు అడుగుతున్నారు. అది న్యాయమైన కోరికే. అయితే ఆ సంక్లిష్టత ఏ కులపు స్త్రీకి దక్కుతోందన్న ప్రశ్న మాత్రం ఈ చర్చలోకి అరుదుగా వస్తోంది.

చలాన్నే తీసుకుందాం. 1920లలో వెలువడిన 'మైదానం'లో రాజేశ్వరి బ్రాహ్మణ గృహిణి. భర్తను విడిచి అమీర్‌తో వెళ్లిపోతుంది. ఆమె కోరికతో, మొండితనంతో, పొరపాట్లతో తెలుగు పాఠకలోకం నేటికీ వాదులాడుతూనే ఉంది. అదే చలం కథ ఆధారంగా గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశారు. ఆలయ ప్రవేశంపై పోరాటం సాగుతున్న రోజుల్లో అది సాహసమే. కానీ కాంచనమాల పోషించిన సంపాలత మంచితనంతో మెప్పించవలసిన నాయిక. రాజేశ్వరికి తప్పు చేసే స్వేచ్ఛ ఉంది. సంపాలతకు యోగ్యురాలినని నిరూపించుకునే భారం ఉంది.

ఎనభై ఏళ్ల తరువాత కూడా ఈ పంపకం పెద్దగా మారలేదు. మరాఠీ 'సైరాట్' (2016), తెలుగులో 'ఉప్పెన', 'లవ్ స్టోరీ' (2021) కులాంతర ప్రేమను ధైర్యంగా తెర మీదికి తెచ్చాయి. వీటన్నిటిలో యువకుడిది అణగారిన కులం, యువతిది ఆధిపత్య కులం. ఇల్లు దాటాలా వద్దా అన్న ఊగిసలాట, భయం, తెగింపు ఆమెవే. అతని కులపు స్త్రీ చాలావరకు తల్లిగానే కనిపిస్తుంది. 'లవ్ స్టోరీ'లో ఈశ్వరీరావు పాత్రలాగా కష్టపడుతుంది, కొడుకును ప్రేమిస్తుంది. అతని ఈడుదైన దళిత యువతి ఏం కోరుకుంటుందో, ఎవరిని ద్వేషిస్తుందో, దేనికి ఆశపడుతుందో ఈ కథలు అడగలేదు.

అడిగితే ఎలా ఉంటుందో నీరజ్ ఘేవాన్ హిందీలో చూపించారు. 'అజీబ్ దాస్తాన్స్' (2021) సంపుటిలోని 'గీలీ పుచ్చీ' చిత్రంలో భారతీ మండల్ ఫ్యాక్టరీ కార్మికురాలు, దళితురాలు. అర్హత ఉన్నా ఆమెకు దక్కని ఆఫీసు ఉద్యోగం ప్రియా శర్మకు దక్కుతుంది. ఇద్దరి మధ్యా స్నేహం, దాన్ని మించిన ఆకర్షణ పెరుగుతాయి. మొదట తన ఇంటిపేరు దాచిన భారతి, తరువాత నిజం చెబుతుంది. ప్రియ చూపు మారిపోతుంది. ప్రియ ఇంట్లో భారతికి టీ స్టీలు గ్లాసులో వస్తుంది. భారతి కన్నీళ్లతో కుంగిపోదు, ఉపన్యాసమూ ఇవ్వదు. ప్రియను మాతృత్వం వైపు నెమ్మదిగా నడిపించి, ఖాళీ అయిన కుర్చీలో తాను కూర్చుంటుంది. ఆమెను మెచ్చుకోవడమూ కష్టమే, తప్పుపట్టడమూ కష్టమే. తాను కోల్పోయినదేమిటో ఎరిగి లెక్క కట్టుకున్న మనిషి ఆమె.

ఇలాంటి పాత్రలు శత్రువు చేతికి ఆయుధాన్ని ఇవ్వవా అని దళిత ఉద్యమంలోనే కొందరు అడుగుతారు. ఆ భయానికి కారణం ఉంది. గయ్యాళి, నీతిలేనిది అన్న ముద్రలను దళిత స్త్రీ తరతరాలుగా మోసింది. కానీ ఆ ముద్రల్లో ఆమెకు మనసే లేదు. ఆమె తప్పుకు వెనుక ఉన్న ఆలోచనను లోపలినుంచి చూపడం ఆ ముద్రను చెరిపే పనే. ఆమెను నిష్కళంకంగా మాత్రమే చూపితే, మచ్చ కనబడిన మరుక్షణం సానుభూతి ఆవిరైపోతుంది.

ఈ చూపు కోర్టుల్లోనూ పనిచేసింది. మథుర కేసుగా చరిత్రకెక్కిన ఉదంతంలో, 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీసు ఠాణాలో అత్యాచారం జరిగిందన్న ఆదివాసీ బాలిక మాట నిలవలేదు. కింది కోర్టు ఆమె నడవడిని ఎత్తిచూపింది. ఒంటిపై గాయాలు లేవంటూ సుప్రీంకోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాశారు. స్త్రీల ఉద్యమ ఒత్తిడితో 1983లో చట్టం మారింది. న్యాయం పొందడానికి మచ్చలేనితనం షరతు కారాదన్నదే ఆ పోరాట సారం.

తెలుగులో ఈ పాత్రలకు కొరత లేదు. గోగు శ్యామల, జూపాక సుభద్ర, చల్లపల్లి స్వరూపరాణి, ఎం.ఎం. వినోదిని రచనలు మన ముందున్నాయి. శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనా చరిత్రనే ఒకచోట చేర్చింది. నిర్మాతలు, దర్శకులు ఆ పుస్తకాల గడప తొక్కాలి. రచనా బృందాల్లో ఆ స్త్రీలకు చోటివ్వాలి. మన విద్యార్థులు కూడా ఇకపై ఒక కథను అంచనా వేసేటప్పుడు స్త్రీ పాత్ర బలంగా ఉందా అని అడిగి ఆగిపోకూడదు. అందులో దళిత స్త్రీకి పొరబడే హక్కు, పొరబడ్డాక కూడా మనిషిగా నిలిచే హక్కు ఉన్నాయా అని అడగాలి.