ఏజెంట్‌కి మీ కోడ్ కనపడదు, మీరు రాసిన నాలుగు ముక్కలే కనపడతాయి

ఏఐ ఏజెంట్లకు టూల్స్ కడుతున్న ఇంజనీర్లకూ, కట్టిస్తున్న కంపెనీలకూ, ప్రభుత్వ శాఖలకూ విజ్ఞప్తి



ఏపీఐ రాయడానికి వారాలు పడతాయి. టెస్టింగ్‌కి విడిగా మనుషుల్ని పెడతాం. తీరా దాన్ని ఏజెంట్‌కి తగిలించే రోజున డిస్క్రిప్షన్ గడిలో ‘రికార్డులు తెస్తుంది’ అని రాసి పుష్ చేసేస్తాం. ఈ అలవాటు మానాలన్నదే ఈ కరపత్రం సారాంశం.

2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ తెచ్చింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ ఎంసీపీని (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) బయటపెట్టింది. రెండూ మోడల్‌కి టూల్స్ తగిలించే పద్ధతులే. పద్ధతి ఏదైనా మోడల్ చేతికి అందేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల వివరాలు, అంతే. లోపలి కోడ్ దానికి తెలియదు. సందేహమొస్తే అడగడానికి పక్క సీట్లో సీనియర్ ఉండడు. ఏ టూల్ పిలవాలో, ఏం పంపాలో, వచ్చిన జవాబుని ఎలా చదవాలో ఆ కాసిని వాక్యాల్లోంచే తేల్చుకోవాలి.

తెలంగాణ భూమి రికార్డుల సంగతే తీసుకోండి. ఒక రైతుకి రెండు సర్వే నంబర్లలో భూమి ఉంది. ‘మొత్తం నాకెంత ఉంది?’ అని అడిగాడు. టూల్ 2.20, 1.30 అని తెచ్చింది. ఏజెంట్ కలిపి 3.50, అంటే మూడున్నర ఎకరాలు అంది. కూడిక తప్పు కాదు, లెక్క తప్పు. అక్కడ చుక్క తర్వాత ఉన్నవి గుంటలు. ఎకరానికి 40 గుంటలు. రెండెకరాల ఇరవై గుంటలకు ఎకరం ముప్పై గుంటలు కలిపితే నాలుగెకరాల పది గుంటలు. ముప్పావు ఎకరం గాల్లో కలిసిపోయింది! పైగా ఎర్రర్ రాలేదు, లాగ్ అంతా పచ్చగానే ఉంది. అదే 2.20 ఆంధ్రలో అయితే రెండెకరాల ఇరవై సెంట్లు. అక్కడ ఎకరానికి 100 సెంట్లు కాబట్టి మామూలు కూడికే సరిపోతుంది. ఒకే అంకెకు కృష్ణకు అటొక అర్థం, ఇటొక అర్థం.

ఎకరాలూ గుంటలూ వేర్వేరు గళ్లలో వచ్చేలా టూల్‌నే మార్చడం అన్నిటికన్నా మేలు. పాత సిస్టమ్ కదలనప్పుడు కనీసం ఇలా రాయండి:

‘గ్రామం, సర్వే నంబరు ఇస్తే పట్టాదారు పేరు, విస్తీర్ణం ఇస్తుంది. విస్తీర్ణంలో చుక్కకు ముందున్నవి ఎకరాలు, తర్వాతవి గుంటలు, దశాంశం కాదు. సర్వే నంబరుని ఉపవిభాగంతో సహా టెక్స్ట్‌గా పంపాలి, ఉదాహరణకు 123/అ/2. రికార్డు చూడటానికే ఈ టూల్, మ్యుటేషన్‌కి కాదు. ఖాళీ జాబితా వస్తే ఆ నంబరు మీద రికార్డు దొరకలేదని అర్థం. ఆ భూమి ఎవరిదీ కాదని కాదు.’

ఆ చివరి వాక్యం నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. అది లేకపోతే ఏజెంట్ ‘మీకు భూమి లేదు’ అని ధీమాగా చెప్పేస్తుంది.

మోడల్స్ తెలివి మీరుతున్నాయి, అవే అర్థం చేసుకుంటాయి అనేవాళ్లున్నారు. ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు. మీ డేటాబేస్‌లో ఆ గడి నింపిన తీరు ఎంత తెలివైనవాడికైనా చెబితేనే తెలుస్తుంది. పొడుగు డిస్క్రిప్షన్లు టోకెన్లు తింటాయన్న మాట మాత్రం నిజమే. అయితే కోత పెట్టాల్సింది వాక్యాలకు కాదు, టూల్స్‌కి. సెర్చ్ రికార్డ్స్, గెట్ రికార్డ్స్, ఫైండ్ పట్టా అని ఒకే పనికి మూడు పెడితే ఏజెంట్ చేతికందింది పట్టుకుంటుంది. మూడింటినీ ఒకటి చేయండి.

డిస్క్రిప్షన్ రాసేటప్పుడు ఆ పనిలో మునిగి తేలే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. భూమి రికార్డులైతే గిర్దావర్‌ని, బ్యాంకైతే కౌంటర్ క్లర్కుని. గుంటల లాంటి సంగతులు వాళ్ల నాలుక చివర ఉంటాయి; మన స్పెసిఫికేషన్‌లో ఉండవు. డిస్క్రిప్షన్‌లో ఒక్క పదం మారినా కోడ్ మారినట్టే రివ్యూకి పంపండి, జనం అడిగే తెలుగులోనే ప్రశ్నలు వేసి మళ్లీ పరీక్షించండి. రద్దు, చెల్లింపు, తొలగింపు లాంటి వెనక్కి తీసుకోలేని పనులైతే ఆ మాట డిస్క్రిప్షన్‌లో బాహాటంగా రాయండి. కానీ తాళం కోడ్‌లోనే వేయండి. రాసిన మాట దేన్నీ ఆపలేదు.

బయటివాళ్ల ఎంసీపీ సర్వర్ తగిలించే ముందు దాని డిస్క్రిప్షన్లు మొదటినుంచి చివరిదాకా చదవండి. వాటిలో రహస్య ఆదేశాలు దాచిపెట్టి ఏజెంట్‌ని దారి తప్పించవచ్చని 2025లోనే భద్రతా పరిశోధకులు చేసి చూపించారు.

టెండర్లు పిలిచే శాఖలకు ఒక్క మాట. అప్పగించాల్సిన వాటి జాబితాలో కోడ్ పక్కనే టూల్ డిస్క్రిప్షన్లనీ చేర్చండి, అవి సరిగ్గా లేకపోతే బిల్లు ఆపండి.

ఇంజనీర్లూ, ఈ వారమే మొదలుపెట్టండి. మీరు కట్టిన టూల్స్‌లో ఎక్కువ వాడకంలో ఉన్నదాన్ని తీసి, ఆ కోడ్ ఎన్నడూ చూడని సహోద్యోగికి డిస్క్రిప్షన్ ఒక్కటే ఇవ్వండి. దీనికి ఏం పంపుతావు, వచ్చినదాన్ని ఎలా చదువుతావు అని అడగండి. ఆమె ఎక్కడెక్కడ తడబడితే అక్కడల్లా వాక్యం చేర్చి, ఆ తర్వాతే మెర్జ్ చేయండి.