ఓటు లేని ఊళ్లో వృద్ధుల మొర

కోల్‌కతా తూర్పు శివారున వెలసిన న్యూ టౌన్‌లో వృద్ధుల కోసం స్వప్న భోర్ అనే ప్రత్యేక ఉద్యానవనం ఉంది. రుసుము చెల్లించి నివసించేందుకు స్నేహొదియా అనే బహుళ అంతస్తుల భవనమూ ఉంది. ఈ రెండూ మంచి పనులే. కానీ మంచం దిగలేని వృద్ధునికి ఉద్యానవనం అక్కరకు రాదు. రుసుము కట్టలేని వృద్ధురాలికి ఆ భవనంలో చోటు దొరకదు. పుండుకు కట్టు మార్చడానికి, స్నానం చేయించడానికి, వేళకు మందు వేయడానికి మనిషి కావాలంటే కోల్‌కతాలో దిక్కు ‘ఆయా సెంటర్లు’ అనే ప్రైవేటు ఏజెన్సీలే. డబ్బున్నంత కాలం ఆయా వస్తుంది. అది అయిపోయిన రోజున ఏ గడప ఎక్కాలి?

కోల్‌కతా నగరంలోనైతే కనీసం ఒక గడప ఉంది. అక్కడ 144 వార్డులకు ఎన్నికైన కౌన్సిలర్లు ఉన్నారు. పక్కనున్న బిధాన్‌నగర్‌కూ కార్పొరేషన్ ఉంది. న్యూ టౌన్‌లో మాత్రం పన్నులు, భవన అనుమతులు, పారిశుద్ధ్యం అన్నీ న్యూ టౌన్ కోల్‌కతా డెవలప్‌మెంట్ అథారిటీ చేతిలో ఉన్నాయి. దాన్ని నడిపేది ప్రభుత్వం నియమించినవారే గాని ప్రజలు ఎన్నుకున్నవారు కారు. 2007లో వామపక్ష ప్రభుత్వం చట్టం చేసి దీన్ని నెలకొల్పింది. 2011లో అధికారానికి వచ్చిన తృణమూల్ కాంగ్రెస్ ఆ ఏర్పాటును అలాగే కొనసాగించింది. ఈ ఊరివారు అసెంబ్లీకీ లోక్‌సభకూ ఓటు వేస్తారు, తమ వీధిని పాలించేవారికి మాత్రం వేయలేరు. ఓటుతో పనిలేని కార్యాలయానికి దరఖాస్తుకు జవాబివ్వాలన్న తొందర ఎందుకుంటుంది?

ఇక నిధుల సంగతి. జాతీయ వృద్ధాప్య పెన్షన్‌లో 60 నుంచి 79 ఏళ్ల పేదవారికి కేంద్రం ఇచ్చే వాటా ఇప్పటికీ నెలకు 200 రూపాయలు. 80 దాటినవారికి 2011లో 500 చేశారు. మిగతా భారం రాష్ట్రాలది. పశ్చిమ బెంగాల్ 2020లో జై బంగ్లా పేరుతో నెలకు 1,000 రూపాయల పెన్షన్ తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2024 జూలై నుంచి 4,000 ఇస్తున్నది. పెన్షన్‌ను మరింత వాస్తవికంగా మార్చే విషయం పరిశీలించాలని అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే సూచించింది. కేంద్రం వాటా కదలలేదు.

పైగా పెన్షన్ వేరు, సంరక్షణ వేరు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒక్కటైనా, నిరుపేద వృద్ధులు 150 మంది ఉండగలిగే ఆశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం స్థాపించవచ్చునని అందులోని 19వ సెక్షన్ చెబుతుంది. ‘స్థాపించవచ్చును’ అన్నది గాని ‘స్థాపించాలి’ అనలేదు. అదే చట్టంలోని 21వ సెక్షన్, ఈ చట్టం గురించి రేడియో, టెలివిజన్, పత్రికల ద్వారా తరచూ ప్రచారం చేయాలని ఆదేశిస్తుంది. అంటే చాటింపు విధి, ఆశ్రయం ఐచ్ఛికం. ఈ ఒక్క క్రియాపదం చాటున ప్రభుత్వాలన్నీ పదిహేనేళ్లకు పైగా తలదాచుకున్నాయి.

కన్నవారిని చూసుకోవలసింది పిల్లలే కదా అనే వాదం ఉంది. పిల్లల బాధ్యతను ఎవరూ కాదనరు. ఆ చట్టం పోషణ భారాన్ని వారిపైనే పెట్టి, నెలకు 10,000 రూపాయలను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. అయితే పిల్లలు లేనివారి మాటేమిటి? ఉన్న పిల్లలే పేదలైతే? ఉపాధి వెతుక్కుంటూ బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిన కొడుకు, తల్లి జారిపడిన రాత్రికి ఎలా చేరుకుంటాడు? కుటుంబం చేయలేని చోటే ప్రభుత్వం అవసరమవుతుంది.

కేంద్ర, రాష్ట్రాల కలహం ఈ కష్టాన్ని మరింత పెంచింది. 70 ఏళ్లు దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్‌ను వర్తింపజేస్తూ 2024 అక్టోబరు 29న ప్రధాని మోదీ, ఢిల్లీ, బెంగాల్ వృద్ధులకు సేవ చేయలేకపోతున్నందుకు క్షమాపణ చెప్పారు. బెంగాల్ ప్రభుత్వం తమకు స్వాస్థ్య సాథీ ఉందని చెప్పుకున్నది. ఇద్దరూ మాట్లాడింది ఆసుపత్రి ఖర్చు గురించే. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వృద్ధుణ్ణి మంచం మీద అటు నుంచి ఇటు తిప్పే మనిషి గురించి ఇద్దరూ మాట్లాడలేదు.

చేయవలసినది తెలియనిది కాదు. న్యూ టౌన్‌కు ఎన్నికైన పాలకమండలి ఉండాలి. ఇంటివద్ద వృద్ధుల సంరక్షణకు బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు ఉండాలి, అందులో ఎంత ఖర్చయిందో నోటీసు బోర్డు మీద కనిపించాలి. పశ్చిమ బెంగాల్‌లో 2013 నుంచి ప్రజాసేవల హక్కు చట్టం ఉంది; సంరక్షణ కోరే దరఖాస్తుకు గడువులోగా లిఖితపూర్వక జవాబును ఆ చట్టం కింద హక్కు చేయాలి. 14567 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే వినేవారుంటారు. విన్నదానిపై చర్య తీసుకోవడానికి నిధులూ అధికారమూ గల స్థానిక సంస్థ ఉండాలి. 19వ సెక్షన్‌లోని ‘వచ్చును’ను పార్లమెంటు ‘తీరాలి’గా మార్చాలి.

తెలుగువారికి ఇది ఎక్కడో బెంగాల్ గొడవ కాదు. 2014 చట్టంతో ఏర్పడిన సీఆర్‌డీఏ అమరావతిని కడుతున్నది. అదీ ప్రజలు ఎన్నుకున్న సంస్థ కాదు. అక్కడి రోడ్లూ భవనాలూ న్యూ టౌన్‌ను మించవచ్చు. ఆ భవనాల్లో వయసు మీరి మంచం పట్టేవారు ఎవరిని అడగాలో ఇప్పుడే తేల్చకపోతే, న్యూ టౌన్ మొర రేపు తెలుగులో వినిపిస్తుంది.