బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్: నాలుగు డ్రాల విలువ

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో 2024 సెప్టెంబరులో జరిగిన 45వ చెస్ ఒలింపియాడ్ ఓపెన్ విభాగంలో భారత జట్టు 22 పాయింట్లకుగాను 21 సాధించి తొలిసారి స్వర్ణ పతకాన్ని కైవసం చేసుకున్న విషయం విదితమే. జట్టు కోల్పోయిన ఆ ఒక్క పాయింటు సెప్టెంబరు 20న ఉజ్బెకిస్తాన్‌తో జరిగిన తొమ్మిదో రౌండులోనిది. అప్పటికి వరుసగా ఎనిమిది విజయాలతో భారత్ అగ్రస్థానంలో ఉండగా, ఉజ్బెకిస్తాన్ 2022 చెన్నై ఒలింపియాడ్ విజేతగా బరిలోకి దిగింది. మొదటి బోర్డుపై గుకేశ్, అబ్దుసత్తోరోవ్‌ల ఆటతో సహా నాలుగు ఆటలూ డ్రాగా ముగియడంతో పోటీ 2-2తో సమమైంది.

జట్టు పోటీలలో గెలుపుకు రెండు పాయింట్లు, సమానమైతే ఒక పాయింటు లభిస్తాయి. నాలుగు బోర్డులపై రెండున్నర సాధించిన జట్టే విజేత. అందువలన వ్యక్తిగతంగా అర పాయింటుగా కనిపించే డ్రా, జట్టుకు ఒక్కొక్కసారి విజయంతో సమానమవుతుంది. ఏడో రౌండులో చైనాపై గుకేశ్ ఒక్కరే గెలువగా, మిగిలిన మూడు డ్రాల బలంతోనే భారత్ 2.5-1.5 తేడాతో నెగ్గడం ఇందుకు నిదర్శనం.

ఇందుకు విరుద్ధమైన అనుభవం చెన్నైలో ఎదురైంది. 2022లో భారత 'బి' జట్టు పదో రౌండులో ఇదే ఉజ్బెకిస్తాన్‌తో తలపడినప్పుడు, గుకేశ్ గెలుపు కోసం ఆడి అబ్దుసత్తోరోవ్ చేతిలో ఓటమి చెందారు. ఆ ఆట డ్రా అయి ఉంటే 2-2గా ముగిసిన పోటీ భారత్ వశమయ్యేది. చివరకు ఉజ్బెకిస్తాన్‌కు స్వర్ణం, భారత 'బి' జట్టుకు కాంస్యం దక్కాయి.

బుడాపెస్ట్‌లో ఆ పొరపాటు పునరావృతం కాలేదు. ఆధిక్యంలో ఉన్న జట్టుకు సమాన ఫలితం నష్టం కాదు. వెనుకబడిన ప్రత్యర్థికే అది భారం. తరువాతి రెండు రౌండ్లలో భారత్ అమెరికాను 2.5-1.5తో, స్లొవేనియాను 3.5-0.5తో ఓడించింది.

వరంగల్‌కు చెందిన ఎరిగైసి అర్జున్ మూడో బోర్డుపై 11 ఆటలలో తొమ్మిది గెలిచి, రెండు డ్రా చేసుకుని, ఓటమి లేకుండా వ్యక్తిగత స్వర్ణం పొందడం తెలుగు ప్రజలకు గర్వకారణం. ఆయన డ్రా చేసుకున్న రెండు ఆటలూ చైనా, ఉజ్బెకిస్తాన్ జట్లపై ఆడినవే కావడం గమనార్హం. గుంటూరు జిల్లాకు చెందిన పెంటేల హరికృష్ణ ఇదే జట్టులోనూ, ద్రోణవల్లి హారిక స్వర్ణం సాధించిన మహిళల జట్టులోనూ సభ్యులు. జట్టు క్రీడలో గెలవవలసిన ఆటను గుర్తించడం ఎంత ముఖ్యమో, ఓడకూడని ఆటను గుర్తించడమూ అంతే ముఖ్యమని ఈ ఫలితాలు స్పష్టం చేస్తున్నాయి.