మడమ లేని తూటా

మా మేనమామ కాపురం చెన్నూరు. పెన్న ఒడ్డున కొద్దిపాటి తోట, దానితోబాటు ఒక గట్టు తగాదా వున్నాయి. ఆ తగాదా పుణ్యమా అని ఈ వయస్సులో ఆయనకు రివాల్వరు మీదికి మనసు పోయింది. సెలవులకు వెళ్లిన నన్ను కాళ్లు కడుక్కోనివ్వకుండానే పట్టుకున్నాడు.

"ఏం రా అల్లుడూ, మనోడు అమెరికానుంచి ఫోను చేసినాడు. గుప్పిట్లో పట్టే రివాల్వరంట, పిస్తోలు తూటాలే దానికీ సరిపోతాయంట. అట్లాంటిది మనకు దొరకదా?"

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి తుపాకుల గొడవ యెందుకంటారా? మేనమామ అడిగితే తెలుసుకోక తప్పుతుందా!

అసలు చిక్కంతా తూటా మడమ దగ్గర వుంది. రివాల్వరు తూటాకు వెనుక వెడల్పయిన అంచు వుంటుంది. తిరిగే సిలిండరులో జారిపోకుండా ఆపేది అదే. పేల్చాక ఖాళీ గొట్టాలను బయటికి నెట్టడానికి పట్టు యిచ్చేదీ అదే. పిస్తోలు తూటాలు మ్యాగజైనులో ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. అంచులుంటే ఒకదానికొకటి తగులుకుంటాయి. అందుకని చాలావాటికి ఆ అంచు పెట్టలేదు. మరి అంచులేని తూటాను రివాల్వరులో వేస్తే నెట్టేదానికి పట్టేది?

1917లో అమెరికా యుద్ధంలో దిగినప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. .45 పిస్తోళ్లు చాలినన్ని లేవు. స్మిత్ అండ్ వెస్సన్, కోల్ట్ కంపెనీలు అదే తూటాకు రివాల్వర్లు చేసి యిచ్చాయి. మూడేసి తూటాలను పట్టివుంచే అర్ధచంద్రపు రేకు ఆ లోటు తీర్చింది. ఇప్పుడు పూర్ణచంద్రులూ వచ్చాయి. 2014లో వచ్చిన రూగర్ వారి 9 మిల్లీమీటర్ల చిన్న రివాల్వరులో అయిదు తూటాలూ ఒకే రేకుమీద కూర్చుంటాయి.

ఇందులో లాభం లేకపోలేదు. పిస్తోలుకూ రివాల్వరుకూ ఒకే పెట్టె తూటాలు చాలు. అయిదూ ఒక్కసారే లోపలికి పోతాయి, ఒక్కసారే బయటికి వస్తాయి. ఒక తూటా పేలకపోతే మళ్లీ మీట నొక్కితే తరువాతిది వస్తుంది.

నష్టమో? ఆ పల్చని రేకు వంగితే సిలిండరు తిరగక బిగుసుకుంటుంది. రేకు పోతే ఖాళీ గొట్టాలను పుల్లతో పొడిచి తీసుకోవాలి. పైగా ఆయుధం మరీ తేలికైతే, పేలిన అదటుకు మిగిలిన తూటాల గుండ్లు ముందుకు జరిగి సిలిండరుకు అడ్డం పడవచ్చు. రివాల్వరుకున్న గొప్పల్లా నిరాడంబరత్వమే గదా! అరువు తూటాకోసం దాన్నే కాస్త వదులుకున్నట్టయింది.

"అదీగాక మామా, మన దేశంలో 9 మిల్లీమీటర్లది నిషిద్ధ బోరు. మామూలు లైసెన్సుమీద రాదు. మనకు దొరికేది .32. 2014లో కాన్పూరువాళ్లు తెచ్చిన అరకిలో 'నిర్భీక్' అలాంటిదే. దాని తూటాకు అంచుంది, రేకుతో పనిలేదు. .32 పిస్తోలూ వుందిగాని, పేరొకటే అయినా తూటాలు వేరు, దీనివి దానిలో వాడరాదు" అన్నాను.

మామ తల పంకించాడు. "అయితే ఆ నిర్భీకే తీసుకుందాం."

"ఎన్నికలొస్తే సాధారణంగా ఠాణాలో జమచెయ్యమంటారు మరి."

"మనకు భయమేసేది అప్పుడే కదరా!"

అంతవరకు చేటలో బియ్యం యేరుతున్న అత్తయ్య తలెత్తింది. "అది యాడ పెడతారో ముందు చెప్పండి. బీరువాలో పెట్టి తాళమేస్తే రాత్రిపూట మీ చేతికి రాదు. తలకింద పెట్టుకుంటే మనవళ్ల చేతికొస్తాది."

నేను పోగుచేసిన లాభనష్టాల జాబితాలో ఆ ముక్క లేదు. మామ చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు నేను బస్సెక్కుతుంటే ఆయనా వెంట వచ్చాడు. చంకలో పాసుపుస్తకం వుంది. మండలాఫీసులో గట్టు కొలతకు అర్జీ పెడతాడట.

"రివాల్వరు మాటేమిటి మామా?"

"ముందు గట్టు యాడుందో తేలనీరా" అన్నాడు.