ఈ వయసులో మీకెందుకు?

చెల్లెళ్ళూ, ఇంట్లో పెద్దాయన బయటికి బయల్దేరితే "ఈ వయసులో మీకెందుకు మామయ్యా, ఓ మూల కూర్చోండి" అనేస్తాం కదూ!

మన ఆదిలాబాద్ వైపు వాంకిడిలో 1915లో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ అలా కూర్చోలేదు. నిజాం మీద పోరాడారు. తెలంగాణ కోసం 1969లో మంత్రి పదవి వదిలేశారు. 2001లో హుస్సేన్ సాగర్ ఒడ్డున తన ఇల్లు జలదృశ్యాన్నే ఉద్యమ పార్టీ పుట్టడానికి ఇచ్చారు. తొంభై దాటాక ఢిల్లీ చలిలో దీక్షకు కూర్చున్నారు. 97వ పుట్టినరోజు ఇంకా ఆరు రోజులుందనగా, 2012 సెప్టెంబరు 21న కన్నుమూశారు. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది, ఆయన చూడలేకపోయారు పాపం.

అందుకే ఈసారి మామయ్య చెప్పులేసుకుంటే ఆపకండి. మఫ్లరు చేతికిచ్చి, ఏం పనిమీద వెళ్తున్నారో కాస్త అడిగి తెలుసుకోండి.